ఇరవైమూడో నంబరు

మా మండ్రాజుపేట మునిసిపల్ కమిషనరు తారకేశ్వర్ గారు రాజధానిలో శిక్షణ తరగతులకి వెళ్ళి వచ్చేదాకా మా ఆఫీసు మామూలుగానే ఉండేది. అంటే పనులు జరిగేవి కావు గానీ, ఎందుకు జరగలేదో అందరికీ తెలిసేది. ఆయన తిరిగొచ్చాక పనులు జరగడం మొదలైంది. ఎందుకు జరుగుతున్నాయో మాత్రం ఎవరికీ అంతుపట్టలేదు.

శిక్షణలో ఆయనకి కంప్యూటరు మూత విప్పి చూపించారట. లోపల గోరంత బిళ్ళ. దాని పేరు ప్రాసెసరు. అందులో కంట్రోల్ యూనిట్ అని ఓ భాగం. అది జ్ఞాపకాల అరలోంచి ఓ ఆజ్ఞ తెప్పించుకుంటుంది. అదేం పనో విప్పి చూస్తుంది. చెయ్యవలసిన భాగానికి సంకేతం పంపుతుంది. ఆ పని కాగానే తరవాతి ఆజ్ఞ తెప్పించుకుంటుంది. గడియారం టిక్కుమన్నప్పుడల్లా ఒక్క అడుగు, అంతకు మించి లేదు. ఇంత క్రమశిక్షణ చూసి కమిషనరు గారికి కళ్ళు చెమర్చాయట. వచ్చిన మర్నాడే స్టాఫు మొత్తాన్నీ హాల్లోకి పిలిచారు.

"ప్రాసెసరు పొరపాటు ఎందువలన చేయదు? అందులో ఎవ్వరునూ ఆలోచించరు కనుక. మన కార్యాలయమందు ఆలోచన అనునది విచ్చలవిడిగా జరుగుచున్నది. దీనిని తక్షణమే అరికట్టవలసియున్నది" అన్నారు.

మేం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. ఆలోచిస్తున్నది ఎవరా అని ప్రతివాడికీ పక్కవాడి మీదే అనుమానం.

ప్రయోగానికి మా ఆఫీసు ఉన్న కొత్త బజారు వీధినే ఎంచుకున్నారు. హాల్లో గూళ్ళున్న పెద్ద బీరువా ఒకటి పెట్టించారు. వీధిలో ఎన్ని ఇళ్ళో బీరువాలో అన్ని అరలు. ఇంటి నంబరే అర నంబరు. ఆ ఇంటికి సంబంధించిన ఆర్డరు ఏదైనా ఆ అరలోనే పడాలి.

సీనియర్ అసిస్టెంటునైన నన్ను ప్రోగ్రాం కౌంటరుగా నియమించారు. ఇన్నేళ్ళ సర్వీసులో నాకు దక్కిన పెద్ద హోదా అదే. హోదాతోపాటు మెళ్ళో వేసుకోవడానికి ఓ పలక కూడా ఇచ్చారు. ఇక తెరవాల్సిన అర నంబరు ఆ పలక మీద రాసి చూపించడమే నా ఉద్యోగం. అటెండరు అబ్బులు గంట కొట్టేవాడు. అతన్ని గడియారం అని పిలవాలన్నారు. అతనికి అదేమీ నచ్చలేదు.

మొదటి గంటకి నేను పలక చూపిస్తాను. రెండో గంటకి ఆ అరలో కాగితం తీసి ఓ బల్ల మీద పెడతారు. సరిగ్గా అదే గంటకి నేను పలక తుడిచేసి ఒకటి కలిపి రాస్తాను, తరవాతి అర సిద్ధంగా ఉండాలి కాబట్టి. మూడో గంటకి జూనియర్ అసిస్టెంటు శేషకుమారి గారు ఆ కాగితం చదివి, అది ఏ రకం పనో తేల్చి, జెండా ఎత్తుతుంది. కుళాయి బిగించడానికి ఆకుపచ్చ, వీధి దీపానికి పసుపు, సర్టిఫికెట్టుకి తెలుపు, కూల్చడానికి ఎరుపు, ఇలా ఓ పన్నెండు రంగులు. నాలుగో గంటకి ఆ రంగు తాలూకు మనిషి లేచి వెళ్ళి పని చేసుకొస్తాడు. మళ్ళీ మొదటి గంట.

కాగితం బల్ల దాటి బయటికి పోకూడదు. జెండాకి నోరు లేదు, ఏం చెయ్యాలో తప్ప ఎక్కడ చెయ్యాలో చెప్పలేదు. మరి వెళ్ళే మనిషికి ఇంటి నంబరు ఎలా తెలుస్తుంది? దానికి కమిషనరు గారు సులువు చెప్పారు. కౌంటరు మెళ్ళో పలక ఉందిగా, దాన్ని చూసి వెళ్ళమన్నారు. అప్పటికే ఆ పలక మీద తరవాతి నంబరు ఉంటుంది. ఈ సంగతి నాకు మొదటి రోజు మధ్యాహ్నానికి తెలిసింది. వీధికి సాయంత్రానికి తెలిసింది.

ఎనిమిదో నంబరు వాళ్ళు అడిగిన దీపం తొమ్మిదో నంబరు ముందు వెలిగింది. పదకొండో నంబరులో పురిటికి వచ్చిన అమ్మాయి బిడ్డకి సర్టిఫికెట్టు అడిగితే, పన్నెండో నంబరులో ఉండే డ్రిల్లు మాస్టారికి ఆడపిల్ల పుట్టినట్టు కాగితం అందింది. ఆయనకి పెళ్ళి కాలేదు. ఓ సంబంధం మాత్రం నడుస్తూ ఉండేది, అదీ ఆ కాగితంతో ఆగిపోయింది.

ఇవన్నీ నవ్వుకునే సంగతులే. నాకు నవ్వు రానిది వేరే ఉంది. ఇరవైరెండో అరలో ఓ ఎర్రజెండా ఆర్డరు పడి ఉంది, మా ఊళ్ళో బుల్డోజరు లేదు కనక అది వచ్చేదాకా ఆ అరని దాటెయ్యమన్నారు. ఇరవైరెండో నంబరు గుడ్డల షాపు షావుకారిది. ఆయన మురుగు కాలవ మీదకి అరుగు కట్టి, దాని మీద బొమ్మలకి చీరలు కట్టి నిలబెట్టాడు. వానొస్తే వీధంతా మురుగు. ఆ అరుగు కొట్టెయ్యమని కలెక్టరు ఆఫీసు నుంచే ఆర్డరు వచ్చింది. పక్కనున్న ఇరవైమూడో నంబరు మాత్రం లోవమ్మది.

లోవమ్మది తాటాకుల పాక. పగలు పెసరట్ల హోటలు, రాత్రి ఆవిడ ఇల్లు. మొగుడు పోయాక మామగారి జాగాలో వేసుకుంది. తుపాను రెండుసార్లు ఎగరగొడితే రెండుసార్లూ మళ్ళీ కప్పించుకుంది. మా ఆఫీసు మొత్తం పొద్దున్నే అక్కడే తిని వస్తాం. అల్లం వేసిన ఆ పెసరట్టు సంగతి ఇప్పుడు చెప్పనుగానీ, ఆ పాక కూలిపోతే ఆవిడకి నిలువ నీడ ఉండదని మాకందరికీ తెలుసు. తెలిసినా లాభం లేదు. తెలియడం ఎవరి డ్యూటీలోనూ లేదు.

నేను ధైర్యం చేసి కమిషనరు గారికి నోటు పెట్టాను. పలక మీద ఒకటి కలపడం పని అయ్యాక పెట్టుకుంటే బాగుంటుందని వినయంగా విన్నవించాను. ఆయన శిక్షణలో ఇచ్చిన పుస్తకం తీసి, ఓ బొమ్మ మీద వేలు పెట్టి చూపించారు. ఆజ్ఞ బల్ల మీదకి రాగానే కౌంటరు ఒకటి పెరగాలట. ప్రపంచంలో ఉన్న ప్రాసెసర్లన్నీ అలాగే చేస్తాయట. అన్ని ప్రాసెసర్లకీ లేని ఇబ్బంది ఒక్క మండ్రాజుపేట గుమాస్తాకి ఎందుకొచ్చిందని అడిగారు. నోటు మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను.

పోనీ అని లోవమ్మ చేత ఓ ఫిర్యాదు రాయించాను. అది ఆవిడ అరలో పడింది, వంతు వచ్చింది, శేషకుమారి గారి బల్ల ఎక్కింది. ఆవిడ తన పట్టిక అంతా వెతికింది. ఫిర్యాదుకి రంగు లేదు. ఏ జెండా ఎత్తాలో తెలియక ఏదీ ఎత్తలేదు. దాంతో నాలుగో గంటకి మేమంతా లేచి నిలబడి, ఏమీ చెయ్యకుండా కూర్చున్నాం. దీన్ని శూన్యకార్యం అంటారనీ, ఇది కూడా చెల్లుబాటయ్యే ఆజ్ఞేననీ కమిషనరు గారు సెలవిచ్చారు. శూన్యకార్యంలో మాకు పాత అనుభవం ఉంది కనక బాగానే చేశాం.

ఈలోగా అబ్బులు తనకి తోచిన సాయం చేశాడు. గంట కొట్టడం మానేసి టీకి వెళ్ళిపోయాడు. గంట లేకపోతే ఎవరూ కదలకూడదు. అందుకని మేం ఎక్కడివాళ్ళం అక్కడే ఉండిపోయాం. శేషకుమారి గారు జెండా సగం ఎత్తి అలాగే పట్టుకుని నిలబడింది. పన్ను కట్టడానికొచ్చిన ఓ పెద్దాయన, ఆఫీసులో ఎవరో పోయారేమో అనుకుని చెప్పులు విప్పి తనూ నిలబడ్డాడు. అబ్బులు తీరిగ్గా టీ తాగి, పక్క ఊళ్ళో బావమరిదిని కూడా చూసుకుని వచ్చాడు.

కమిషనరు గారు మర్నాడే తన గది గోడకి, హాలు వైపు, కరెంటు గంట బిగించారు. అది టీ తాగదు. పైగా ఎంత జోరుగా కావాలంటే అంత జోరుగా మోగుతుంది. వేగం పెంచితే పని పెరుగుతుందని ఆయన లెక్క. పెంచారు. పలక తుడిచి రాసేసరికి నాకు మోచెయ్యి పీకేసేది. కుళాయి మనిషి కొత్త బజారు చివరిదాకా పరిగెత్తి, బిగించి, పరిగెత్తుకుంటూ వచ్చేవాడు. ప్రాసెసరుకి వేగం పెరిగితే వేడెక్కుతుందని పుస్తకంలో ఉందట. అందుకని మా తలల మీద తడి తువ్వాళ్ళు వెయ్యడానికి టెండరు పిలిచారు.

వీధి మాత్రం మాకంటే తెలివిగా సర్దుకుంది. తనకేదన్నా కావాలంటే తనకి ముందున్న ఇంటివాళ్ళ చేత అర్జీ పెట్టించాలని వాళ్ళకి అర్థమైపోయింది. దాంతో కొత్త బజారులో ఎన్నడూ లేని మర్యాదలు మొదలయ్యాయి. గోడ తగాదాతో ఏళ్ళ తరబడి మాటల్లేని రెండు కుటుంబాలు కూరలు ఇచ్చిపుచ్చుకున్నాయి, ఒకరి కుళాయి ఒకరి అర్జీలో ఉంది కాబట్టి. డ్రిల్లు మాస్టారు ఆ పదకొండో నంబరు వాళ్ళని బతిమాలి, బిడ్డ పుట్టనట్టు ఓ అర్జీ పెట్టించుకున్నారు. ఫిర్యాదులు ఆగిపోయాయి. అది చూసి పై అధికారులు కమిషనరు గారిని మెచ్చుకున్నారు. మెచ్చుకుని, కళ్ళారా చూడ్డానికి వస్తున్నామని కబురు పెట్టారు.

ఆ రోజు చూపించడానికి ఘనమైన పని ఏదన్నా ఉండాలి కదా. కమిషనరు గారు ఇరవైరెండో అరని ఎంచారు. బుల్డోజరు వస్తే చూడ్డానికి బాగుంటుందన్నారు. ఆ కాగితం మీద కలెక్టరు సంతకం ఉంది. దాన్ని ఇరవైఒకటో అరలోకి జరిపితే నా ఉద్యోగం పోతుంది, ముట్టుకోలేను. చివరి ప్రయత్నంగా ఆ శిక్షణ పుస్తకమే అరువు తెచ్చుకుని చదివాను. ఇంటరప్ట్ అని ఒకటి కనిపించింది. ప్రమాదం ముంచుకొస్తే నడుస్తున్న వరసని ఆపి, ముందు దాని సంగతి చూసే ఏర్పాటు. ప్రాణం లేచొచ్చింది. పుస్తకం పట్టుకుని ఆయన గదిలోకి వెళ్ళాను.

"ఉన్న మాట వాస్తవమే" అన్నారు కమిషనరు గారు. "అయితే అంతరాయము కలిగించుట క్రమశిక్షణారాహిత్యము కిందకు వచ్చును. మన నమూనా నుండి దానిని తొలగించియున్నాను. ఇకమీదట కమిషనరు అంతటివాడు నోటిమాటగా ఆపమనిననూ, వరస ఆగదు. నేనే సంతకము చేసితిని."

అది చెప్పడానికి లోవమ్మ పాకకి వెళ్ళాను. ఆవిడ పొయ్యి ముందు కూర్చుని పిండి కలుపుతోంది. నేను చెప్పింది మొత్తం విని, పిండిలో చెయ్యి ఆపింది. ఇన్నేళ్ళుగా ఆవిడ చేతి తిండి తింటూ, పలక మెళ్ళో వేసుకుని ఆవిడ ఇంటి నంబరు నేనే చూపించబోతున్నాను.

"ఆ బండి ఇల్లు చూసి వత్తాదా అండి, నంబరు చూసి వత్తాదా?" అని అడిగింది.

"నంబరు చూసే వస్తుందమ్మా. ఇల్లు చూడ్డం వాళ్ళ డ్యూటీ కాదు" అన్నాను.

"ఆయ్, అలాగా అండి" అని మళ్ళీ పిండి కలుపుకోవడంలో పడింది.

మర్నాడు పొద్దున్న పొయ్యి వెలిగించకముందే లోవమ్మ తన పాక రాటకి కొట్టి ఉన్న ఇరవైమూడో నంబరు రేకు ఊడబీకింది. ఊడబీకి షావుకారి గోడకి కొట్టేసింది. ఎవరి అరుగు మీద ఆర్డరో వాళ్ళ గోడకే కొట్టాను, ఇందులో తప్పేముంది అని నాతో తరవాత అంది. నాకూ తప్పు కనిపించలేదు.

షావుకారు షాపు తెరవడానికొచ్చి, తన గోడ మీద రెండు నంబర్లు చూశాడు. బుల్డోజరు సంగతి ఆయనకీ తెలుసు. గబగబా రేకు పీకి ఎదురుగా ఉన్న మందుల షాపుకి కొట్టించాడు. మందుల షాపతను దాన్ని డ్రిల్లు మాస్టారి తలుపుకి బిగించాడు. అసలే నంబర్లంటే బెదిరిపోయి ఉన్న మాస్టారు ఈల వేసినంత వేగంగా దాన్ని పిండి మరకి చేరవేశారు. అలా ఆ రేకు ఇంటింటికీ తిరుగుతూ వీధి చివర సైకిల్ షాపు దగ్గరికి వచ్చింది. సైకిల్ షాపు తరవాత ఉన్నది మా ఆఫీసు. అతను మా గేటుకి కొట్టేసి, చేతులు దులుపుకుని వెళ్ళిపోయాడు.

వీధిలో ఎవరి ఇంటి మీదా ఆ రేకు పట్టుమని పది నిమిషాలు నిలవలేదు. మా గేటు మీద మాత్రం పదిలంగా నిలిచింది. ఆఫీసుకి వచ్చిన ప్రతివాడూ దాన్ని చూశాడు. నేనూ చూశాను. అబ్బులు చూసి నాకేసి చూశాడు. రేకు పీకడానికి శేషకుమారి గారి పట్టికలో రంగు లేదు. ఎవరి పని వాళ్ళం చేసుకోవడానికి లోపలికి వెళ్ళిపోయాం. కమిషనరు గారు కారులో, అద్దాలు ఎత్తుకుని వచ్చారు.

వీధి కనిపించేలా ఆవరణలోకి తెచ్చిన బీరువా పక్కన అతిథులకి దండలు పడ్డాయి. కమిషనరు గారు మైకు పట్టుకుని, మానవ మేధస్సు జోక్యం లేని పరిపాలనని తమరిప్పుడు తిలకించబోతున్నారని ప్రకటించారు. గంట మోగింది. నేను పలక మీద ఇరవైరెండు చూపించాను. రెండో గంట మోగింది. కాగితం బల్లెక్కింది, నేను తుడిచి ఇరవైమూడు రాశాను. మూడో గంటకి శేషకుమారి గారు ఎర్రజెండా ఎత్తింది. నాలుగో గంటకి బుల్డోజరు నడిపే ఏసుబాబు నా పలక చూసుకుని బండెక్కాడు.

బండి ముందు లోవమ్మ పాక దగ్గరే ఆగింది. ఏసుబాబు కిందకి దిగి రాట చూశాడు. రేకు లేదు. రేకు లేనిది ఇరవైమూడు కాదు. తల అడ్డంగా ఊపి మళ్ళీ ఎక్కి, ఇంటింటి నంబరూ చదువుకుంటూ వీధి వెంట మెల్లగా బయల్దేరాడు.

"గమనించవలెను. యంత్రము తన చిరునామాను తానే వెదకుకొనుచున్నది" అన్నారు కమిషనరు గారు మైకులో.

అతిథులు చప్పట్లు కొట్టారు. బండి మా గేటు దగ్గరికొచ్చి ఇటు తిరిగింది. మనకి వందనం చెయ్యడానికి వస్తోందని కమిషనరు గారు వివరించారు. అది మొక్కినట్టే ఓసారి చెయ్యి పైకెత్తి, ప్రహరీగోడ మీద దించింది.

గోడ పోయింది. తరవాత వరండా స్తంభం. తరవాత ఆయన గదివైపు తిరిగింది. ఆ గదిలో ఏసీ, చక్రాల కుర్చీ, పైనుంచి వచ్చిన ప్రశంసాపత్రం ఉన్నాయి. కమిషనరు గారు మైకు పారేసి, పంచె కట్టుకున్నవాడిలా ప్యాంటు పైకి లాక్కుని పరిగెత్తారు. ఆపమని అరిచారు. ఏసుబాబు మర్యాదగా ఇంజను చప్పుడు తగ్గించి, ఏ జెండా అండి అని అడిగాడు. ఆయన గిరుక్కున శేషకుమారి గారి వైపు తిరిగి, ఏదో ఒకటి ఎత్తమన్నారు.

"ఆపడానికి జెండా లేదండి" అంది ఆవిడ. "మీరే తీసేశారు."

ఆయన ఆలోచించమన్నారు. అందరూ ఒక్కసారి ఆలోచించండర్రా అని మమ్మల్ని పేరుపేరునా పిలిచి బతిమాలారు. ఆలోచన ఎప్పుడో అరికట్టేశారు కనక మాకు ఏమీ తోచలేదు. ఆయన గది గోడ కూలింది. దాంతోపాటు ఆ గోడకి బిగించిన కరెంటు గంట, దాని తీగా తెగిపడ్డాయి. గంట లేకపోతే ఎవరూ కదలకూడదు. ఏసుబాబు బండి ఎత్తిన చెయ్యి గాల్లో అలాగే ఆపేశాడు. మిగిలిన ఆఫీసు అలా దక్కింది.

అతిథులు ఆ మధ్యాహ్నమే రిపోర్టు రాశారు. హోదా చూడకుండా, సాక్షాత్తూ కమిషనరు గదిని సైతం వదలకుండా ఆర్డరు అమలుచేసిన కార్యాలయం ఇంతకు ముందు ఎక్కడా చూడలేదని మెచ్చుకున్నారు. తారకేశ్వర్ గారికి ప్రమోషను ఇచ్చి, ఈ పద్ధతి మిగతా ఊళ్ళవాళ్ళకి నేర్పడానికి రాజధానికే తీసుకుపోయారు. షావుకారి అరుగు మీద ఆర్డరు అమలైపోయింది కాబట్టి ఆ ఫైలు మూతపడింది. అరుగు ఇంకా ఉంది, దాని మీద బొమ్మలూ ఉన్నాయి. వానొస్తే వీధంతా మురుగు.

కొత్త కమిషనరు పలకలు తీయించి, రోడ్డు వెడల్పు చేద్దామని మొదలెట్టారు. వీధిలో పాకలూ బడ్డీలూ తీసేయాలని, ఉన్న నంబర్లన్నిటికీ వరసగా జాబితా తయారుచేయించారు. ఆ జాబితా నేనే రాశాను. ఇరవైరెండు తరవాత ఇరవైనాలుగు వచ్చింది. ఇరవైమూడో నంబరు కూల్చివేయడమైనది అని పై అధికారుల సంతకాలతో రికార్డు ఉంది. కూల్చేసినదాన్ని మళ్ళీ కూల్చమని ఆర్డరు రాసే దమ్ము ఏ ఆఫీసుకీ ఉండదు.

లోవమ్మకి ఆ మాట చెబుదామని పొద్దున్నే వెళ్ళాను. ఆవిడకి ఒక పట్టాన అర్థం కాలేదు.

"ఇంతకీ నా పాక ఉన్నట్టా, లేనట్టా అండి బాబూ?"

"లేదమ్మా. కూల్చేశారు."

"మరైతే ఇంకెవరూ కొట్టెయ్యలేరుగదండీ?"

"ఎవరూ కొట్టెయ్యలేరు."

ఆవిడ చెంగుతో కళ్ళు తుడుచుకుంది. తుడుచుకుంటూనే నవ్వింది. నాకూ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, పొగ అని చెప్పాను. లేని పాకలో, లేని పొయ్యి మీద నాకో పెసరట్టు పోసి పళ్ళెంలో వేసింది. పట్టుకుంటే వేళ్ళు కాలాయి.